పిడచకట్టిన నోటికి ఉమ్మే సాక్ష్యం

చెన్నై సెంట్రల్‌లో పినాకిని రైలు దిగే మనవాళ్లలో చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు కనిపిస్తుంది. ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు, నలుగురు డాక్టర్ల మందుచీటీలు. గూడూరు నుంచి పెరంబూరులోని మా ఇంటికి వచ్చిన పెద్దమ్మ దగ్గరా అలాంటి కవరే ఉంది. ఒకరు పుచ్చిన పళ్లు పీకారు. ఒకరు కళ్లలో చుక్కల మందు రాశారు. ఇంకొకరు కీళ్లనొప్పులకు మాత్రలిచ్చారు. నోరు పిడచకట్టుకుపోతోంది, మజ్జిగ పోసుకుంటే గానీ ముద్ద దిగడం లేదు అంటే, "వయసు, టెన్షన్" అన్నారు. నాలుగేళ్ల తర్వాత ఒక రుమటాలజిస్టు (కీళ్ల జబ్బులు, రోగనిరోధక వ్యవస్థ తెచ్చే జబ్బులు చూసే డాక్టర్) ఆ కాగితాలన్నీ ఒకచోట పరిచి చూసి, షోగ్రెన్స్ కావచ్చన్నారు.

మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే లాలాజల గ్రంథుల మీద, కన్నీటి గ్రంథుల మీద దాడి చేసే జబ్బు ఇది. కొందరు జోగ్రెన్స్ అని కూడా పలుకుతారు. స్వీడన్ కంటి డాక్టర్ హెన్రిక్ షోగ్రెన్ 1933లో 19 మంది మహిళల కేసులతో దీన్ని వివరించారు. రోగుల్లో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే. ఎక్కువగా మెనోపాజ్ వయసులో బయటపడుతుంది కాబట్టి "ఈ వయసులో మామూలే" అన్న మాటతోనే ఏళ్లు గడిచిపోతాయి.

2016లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి షోగ్రెన్స్‌గా లెక్కించేందుకు ఇచ్చిన ప్రమాణాల్లో ఎక్కువ మార్కులు రెండింటికే ఉన్నాయి. ఒకటి రక్తంలో యాంటీ-రో యాంటీబాడీ, అంటే సొంత ఒంటి మీదికే తిరగబడే ఒక ప్రొటీన్. రెండోది పెదవి లోపలి చిన్న గ్రంథుల బయాప్సీ, అంటే వాటిని కొద్దిగా కోసి తీసి పరీక్షించడం. ఆ యాంటీబాడీ అందరిలో కనిపించదు. అలాంటప్పుడు పెదవికి కోత పెట్టాల్సి వస్తుంది. మా పెద్దమ్మ ఆ మాట వినగానే ఊరికి వెళ్లిపోతానంది.

ఉమ్మిలో బయోమార్కర్లు, అంటే జబ్బు జాడ చెప్పే పదార్థాలు, వెతికే పరిశోధన మీద నాకు గట్టి ఆశ ఉన్నది ఇందుకే. ఉమ్మి నూటికి 99 పాళ్లు నీరే అయినా, మిగిలిన ఆ కాస్తలో రెండు వేలకు పైగా ప్రొటీన్లు ఉన్నాయి. గ్రంథిలో తెల్లకణాలు గుంపుకడితే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్, కాల్‌ప్రొటెక్టిన్ లాంటి ప్రొటీన్లు పెరుగుతాయి. గ్రంథి దెబ్బతింటే అది మామూలుగా తయారుచేసే కార్బానిక్ అన్‌హైడ్రేజ్-6 లాంటివి తగ్గుతాయి. రక్తం ఒళ్లంతా తిరిగి వస్తుంది, ఉమ్మి మాత్రం జబ్బున్న చోటి నుంచే వస్తుంది. పైగా ఈ రోగుల్లో సుమారు 5 శాతం మందికి లింఫోమా అనే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. దాన్ని కనిపెట్టడానికి పెదవిని మాటిమాటికీ కోయలేం కదా. ఉమ్మినైతే ఎన్నిసార్లైనా తీసుకోవచ్చు.

కానీ చిగుళ్లు వాచినా కాల్‌ప్రొటెక్టిన్ పెరుగుతుంది. పొద్దున తీసిన ఉమ్మికీ సాయంత్రం తీసిన దానికీ తేడా ఉంటుంది. రోగుల్ని పూర్తి ఆరోగ్యవంతులతో పోల్చి "పరీక్ష పనిచేస్తోంది" అంటే సరిపోదు. మా వీధి క్లినిక్‌కు నోరెండి వచ్చే మనిషికి షుగర్ ఉంటుంది, చిగుళ్ల జబ్బు ఉంటుంది, తాంబూలం అలవాటు ఉంటుంది. ఇలాంటి వాళ్ల మధ్య నుంచి షోగ్రెన్స్‌ను విడదీసి చూపగలిగిందే నా దృష్టిలో అసలైన పరీక్ష. ఆ పని చెన్నైలోనే జరగాలి. సెంట్రల్ ఎదురుగా రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి, అక్కడికి దగ్గర్లోనే ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నాయి. తమిళనాడు రోగులే కాదు, సూళ్లూరుపేట, నాయుడుపేట జనం కూడా రైలెక్కి వచ్చేది ఇక్కడికే.

అలాంటి ఉమ్మి పరీక్ష వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆ 2016 ప్రమాణాల్లోనే ఒక తేలికైన కొలత ఉంది. ఏమీ నమలకుండా, కదలకుండా కూర్చుని నోట్లో ఊరిన ఉమ్మిని కప్పులోకి వదలాలి. నిమిషానికి 0.1 మిల్లీలీటరు, అంతకంటే తక్కువ వస్తే అనుమానించాలి. అంటే 15 నిమిషాలకు ఒకటిన్నర మిల్లీలీటర్లు. కావాల్సింది కొలత గీతలున్న కప్పు, గడియారం. పళ్లన్నీ వరసగా చిగురు దగ్గర పుచ్చిపోతున్న ప్రతి మహిళకూ డెంటల్ ఓపీలో ఇది చేయాలి. చివరికి పెద్దమ్మకు కొలిచినప్పుడు కప్పు అడుగున అర మిల్లీలీటరు కూడా లేదు. అప్పటికి ఆమె ఎన్ని పళ్ల క్లినిక్‌లు తిరిగిందో!

ఈ కొలత ఒక్కదాంతో జబ్బు తేలదు. అలర్జీ మాత్రలు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా నోటిని ఎండగడతాయి. అందుకే పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రోజూ వేసుకునే మాత్రల చీటీని కూడా ఆ కవర్లో పెట్టుకుని వెళ్లండి. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటోందా, అన్నం నీళ్లతో మింగాల్సి వస్తోందా అన్నది వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.