పావుకిలో ప్లేటు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పావుకిలో ప్లేటు గారి దివ్యసముఖానికి, కూకట్‌పల్లిలోని ఒక జిమ్ముకు నెలనెలా ఫీజు కడుతున్న సామాన్యుడు నమస్కరించి రాయునది.

తమరి పుట్టుక గొప్పదని నాకు తెలుసు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో పాత రికార్డును కనీసం అరకిలో తేడాతో దాటాలి కనుక, బార్‌కు అటొకటి ఇటొకటి తొడగడానికి తమరు అవతరించారు. అంతటి తమరు మా జిమ్ములో, రికార్డు మాట దేవుడెరుగు, పోయిన వేసవి నుంచి 60 కిలోల స్క్వాట్ (బార్ భుజాల మీద మోస్తూ కూర్చుని లేవడం) దగ్గరే ఆగిపోయిన ఒక సాఫ్ట్‌వేర్ మిత్రుడి సంచిలో మెత్తటి గుడ్డ చుట్టుకొని వేంచేస్తున్నారు. ఆయన తమరి జంటను బయటికి తీసి, తుడిచి, బార్‌కు చెరో చివర తొడిగి, క్లిప్పు బిగించి, ఫోనులోని పట్టికలో 60.5 అని ఎక్కించి, ఆ పైన సెట్టుకూ సెట్టుకూ నడుమ విశ్రాంతిని స్టాప్‌వాచీతో కొలుచుకుంటారు.

పోటీల్లో వాడే 20 కిలోల ప్లేటుకు పావు శాతం, అంటే 50 గ్రాములు, మించి తేడా ఉండకూడదు. మా జిమ్ములోని పోత ఇనుప ప్లేట్లకు అటువంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు. 20 అని అచ్చుపోసిన రెండింటిని ఒకసారి ట్రైనర్ తూకం వేస్తే, తమరి జంటను మింగేసేంత తేడా తేలింది. కనుక నేటి 60.5 నిన్నటి 60 కంటే తక్కువైనా ఆశ్చర్యం లేదు.

ఆఖరి సెట్టు కాగానే ఆయన ప్రోటీన్ షేక్ కోసం పరుగెత్తుతారు. ఆ తొందర వల్ల కండకు వచ్చిందనుకున్న లాభం చాలావరకు రోజు మొత్తం మీద ప్రోటీన్ ఎక్కువ తినడం వల్ల వచ్చినదేనని, పలు ప్రయోగాలను కలిపి చూసినవారు 2013లోనే తేల్చారు. రాత్రి ఒంటిగంట దాకా అమెరికా కాల్స్‌లో ఉండి తెల్లవారుజామునే జిమ్ముకు వచ్చే ఈ మనిషి పట్టికలో నిద్రకు మాత్రం గడి లేదు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి గారు 240 కిలోలతో కాంస్యం తెచ్చినప్పుడు స్వర్ణానికి మిగిలిన దూరం 2.5 కిలోలే. అక్కడ లెక్కలు చూసుకోవడంలో అర్థముంది.

తమరికీ న్యాయం చేయాలి. మా జిమ్ములో 25 కిలోల ఓవర్‌హెడ్ ప్రెస్ (బార్‌ను తలపైకి ఎత్తడం) చేసే ఆవిడను ఒకేసారి 2.5 కిలోలు పెంచమంటే పదోవంతు పెంచమన్నట్టే. తమరి జంట నిజంగా అక్కరకొచ్చేది ఆవిడకే. అడిగితే మిత్రుడు ఇవ్వలేదు. గీతలు పడతాయట.

కాబట్టి తమరు ఆవిడ సంచిలోకి బదిలీ చేయించుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ర్యాక్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని పక్కనే నిలబడి ఉన్న
విధేయుడు