ఒకటో తరగతికి జూన్ 12 వద్దు

ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచే జూన్ 12 ఉదయం తొమ్మిదింటికి ఏ ఊరి ప్రాథమిక పాఠశాల ముందైనా ఒక అరగంట నిలబడి చూడండి. గేటుకు మామిడాకులు కట్టి ఉంటాయి. వరండాలో పుస్తకాలు, యూనిఫాంల కిట్ల మూటలు ఇంకా విప్పకుండానే ఉంటాయి. వాటిని పంచాల్సిన నాయకుడి కోసం ఎదురుచూపులు, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలన్న తొందర. ఆ సందట్లో ఓ మూల, చాప మీద, వీపున బ్యాగు తీయాలో ఉంచుకోవాలో తెలియక కూర్చున్న అయిదేళ్ల పిల్లలు కనిపిస్తారు. వాళ్లే ఒకటో తరగతి. ఆ బడిలో ఆ పూట అందరికంటే పెద్ద పని చేస్తున్నది వాళ్లు. ఇల్లు విడిచి, అమ్మ కొంగు విడిచి, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూర్చోవడం కంటే పెద్ద పని మనలో ఎవరమైనా ఇటీవల చేశామా?

అందుకే నేనడిగేది ఒక్కటే. ఒకటో తరగతి పిల్లల్ని జూన్ 12న బడికి రప్పించకండి. ఆ రోజు మిగతా తరగతులకు వదిలేయండి. కిట్లు, సభలు, ప్రసంగాలు అన్నీ ఆ రోజే కానివ్వండి. ఈ ఏడాది (2026) 12వ తేదీ శుక్రవారం పడుతోంది. 15వ తేదీ సోమవారం నుంచి, రోజుకు నలుగురైదుగురు చొప్పున, తల్లినో అవ్వనో వెంటబెట్టుకుని, రెండు మూడు గంటల కోసం రమ్మనండి. వారం తిరిగేసరికి తరగతి నిండుతుంది. ఎవరికీ పైసా ఖర్చు ఉండదు. విద్యాశాఖ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు.

16,347 టీచరు పోస్టుల భర్తీకి వచ్చిన మెగా డీఎస్సీలో ఎంపికైన కొత్త ఎస్జీటీలకు, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లకు, బడి తెరిచే జూన్ ఇదే మొదటిది. వాళ్లలో ఎంతోమంది ఒకటో తరగతి గదిలోకే అడుగుపెడతారు. టీచరు శిక్షణ కోర్సు డీఈడీలో బోధనాభ్యసన సామగ్రి గురించి చదువుకుని ఉంటారు, పాఠ్యప్రణాళికలు రాసి ఉంటారు. మొదటి రోజు మొదటి పది నిమిషాల్లో, పద్దెనిమిది మందిలో ఆరుగురు ఒకేసారి ఏడుపు అందుకుంటే ఏం చేయాలో ఎవరూ చెప్పి ఉండరు.

కాగితాల మీద మనకు కొరతేమీ లేదు. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశగా చూడమని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. 2021 జులైలో విద్యా ప్రవేశ్ వచ్చింది. ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు మొదటి మూడు నెలలు ఆటపాటలతోనే బడి అలవాటు చేయాలంటూ ఎన్‌సీఈఆర్‌టీ రూపొందించిన కార్యక్రమం అది. 2022 అక్టోబరులో పునాది దశకు ప్రత్యేకంగా పాఠ్యప్రణాళిక చట్రం కూడా విడుదలైంది. అన్నీ మంచివే. అన్నీ నెలల గురించి, వారాల గురించి మాట్లాడతాయి. నా బాధంతా ఆ మొదటి మూడు గంటల గురించి. ఆ మూడు గంటలు చెడితే తర్వాతి మూడు నెలల ఆటపాటలు ఎవరితో ఆడిస్తాం?

ఆ మూడు గంటల్లో ఏం చేయాలో చెప్తాను. ముందు చెప్పులు. చెప్పులు ఎక్కడ విడవాలి, తిరిగి వచ్చేసరికి అవి అక్కడే ఉంటాయా అన్నది అయిదేళ్ల పిల్లకు నిజమైన భయం. గోడ వెంట సుద్దముక్కతో ఒక గీత గీసి, ఒక్కొక్కరి చోట ఒక్కో బొమ్మ వేయండి. ఒకరికి చేప, ఒకరికి మామిడికాయ, ఒకరికి ఆటో. పేరు రాస్తే లాభం లేదు, చదవడం రాదు కదా. అదే బొమ్మ పిల్ల చొక్కాకు, బ్యాగుకు, చాప మీద కూర్చునే చోటుకు కూడా ఉండాలి. ‘చేప నాది’ అని తెలిసిన పిల్లకు బడిలో సగం చోటు దొరికినట్టే.

తర్వాత మరుగుదొడ్డి. దీని గురించి మాట్లాడటానికి మనకు మొహమాటం, పిల్లలకు ప్రాణసంకటం. ఇంట్లో ఆరుబయటకో, ఇండియన్ సీటుకో, ఎవరో ఒకరు వెంట వస్తేనో అలవాటైన పిల్లలు, బోల్టు అందని తలుపు చూసి భయపడతారు. ప్రార్థన కంటే ముందే టీచరే వాళ్లను అక్కడికి తీసుకెళ్లాలి. తలుపు తీసి చూపాలి, నీళ్లు ఎక్కడున్నాయో, మగ్గు ఎక్కడుందో చూపాలి. ‘వేలు చూపిస్తే చాలు, నోటితో అడగకపోయినా పర్లేదు’ అని చెప్పాలి. ‘మే ఐ గో’ అంటేనే పంపుతామనే నియమం ఏ బడిలోనైనా ఉంటే దాన్ని ఆ రోజే తీసేయాలి. నా లెక్కలో ఒకటో తరగతి మొదటి పాఠం ఇదే.

ఇక భోజనం. పెద్ద తరగతుల వరుసలో చిన్నపిల్లను నిలబెడితే పళ్లెం పట్టుకోవడానికే రెండు చేతులూ చాలవు. ఒకటో తరగతిని అందరికంటే అరగంట ముందు కూర్చోబెట్టి, వంట చేసే అక్క చేత వాళ్ల దగ్గరికే వచ్చి వడ్డింపజేయాలి. ఉడికించిన గుడ్డు వలచడం అయిదేళ్ల పిల్లకు రాదు. వలిచి పెట్టాలి, లేదా పక్కన అయిదో తరగతి పిల్లను కూర్చోబెట్టి వలిపించాలి. వలవలేక గుడ్డును జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయిన పిల్లల్ని చూశాను. వాళ్లు తినలేదన్న సంగతి ఏ యాప్‌లోనూ నమోదు కాదు. నమోదయ్యేది భోజనం చేసినవారి సంఖ్య మాత్రమే.

అంగన్‌వాడీ టీచరును ఆ వారం బడికి పిలవాలి. ఆమె ఆ పిల్లలకు రెండు మూడేళ్లుగా తెలిసిన ముఖం. ఎవరు ఎడమచేత్తో తింటారో, ఎవరికి కుక్క అంటే భయమో ఆమెకు తెలుసు. చాలాచోట్ల అంగన్‌వాడీ, బడి ఒకే ఆవరణలో ఉన్నా, రెండూ వేర్వేరు శాఖల కింద ఉండటంతో ఆమెను గోడ దాటి రమ్మనడానికి ఎవరూ చొరవ తీసుకోరు.

పుస్తకం మొదటి రోజు తెరవనక్కర్లేదు. ఒక పాట, ఒక కథ, ఒక బొమ్మ చాలు. ఇంటికి వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. తాను రంగు వేసిన కాగితమైనా సరే, వేపాకులు అతికించిన అట్టముక్కైనా సరే. ఇంట్లో ‘బళ్లో ఏం చేసినావమ్మా?’ అని అడిగినప్పుడు చూపడానికి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే. ‘తల్లిదండ్రులు ఒప్పుకోరు సార్. మొదటి రోజే అ ఆలు, ఏబీసీడీలు నోటుబుక్కులో కనబడకపోతే ప్రైవేటుకు మార్చేస్తారు. వారం రోజుల పాటు కొందరే వస్తే హాజరు పడిపోతుంది, పైనుంచి మెమో వస్తుంది’ అని తోటి టీచర్లు నాతో చాలాసార్లు అన్నారు. మెమోకు జవాబు సర్క్యులరే, అది పైవాళ్ల చేతిలో ఉంది. తల్లిదండ్రుల సంగతి మాత్రం నాకు తెలుసు. రెండు గంటలు తరగతిలో కూర్చుని, తన బిడ్డ ఏడుపు ఆగి నవ్వడం కళ్లారా చూసిన తల్లి నోటుబుక్కు అడగదు. ఆమెను గేటు బయటే ఆపేసినప్పుడే ఆమెకు నోటుబుక్కు తప్ప ఇంకో రుజువు మిగలదు.

ఇంతకీ నాకు ఈ పట్టుదల ఎందుకో చెప్పాలి. ఎస్జీటీగా చేరిన కొత్తలో అనంతపురం జిల్లాలో ఒక ఊరి బడిలో పనిచేశాను. పక్కనే తండా. ఆ జూన్‌లో తలుపు దగ్గర కూర్చున్న ఒక పిల్లవాడు సన్నగా ఏడుస్తూ ‘యాడీ... యాడీ...’ అంటున్నాడు. నేను సీమవాణ్ణి. నా చెవికి అది ‘యాడికి’ లాగే వినబడింది. ‘యాడికి పోవాల రా? యాడికీ పోయేది లేదు, కూచో’ అన్నాను. మళ్లీ ‘యాడీ’ అన్నాడు. మళ్లీ కూచోమన్నాను. హాజరుపట్టీ రాస్తూ, పుస్తకాల లెక్క చూస్తూ నేను తల వంచుకునే ఉన్నాను. కాసేపటికి చూస్తే వాడి కింద చాప తడిసి ఉంది. వాడు ఏడవడం మానేసి నేలకేసి చూస్తున్నాడు. సాయంత్రం నాలుగో తరగతి చదివే తండా అమ్మాయి వచ్చి చెప్పింది, ‘సార్, మా మాటలో యాడి అంటే అమ్మ.’

పొద్దుట్నుంచీ వాడు అమ్మను పిలిచాడు. నేను పొద్దుట్నుంచీ ఎక్కడికీ పోవద్దని చెప్పాను. ఆ తర్వాత మూడు రోజులు వాడు బడికి రాలేదు.

మొదటి రోజు ప్రణాళికలో నేను అన్నిటికంటే పైన పెట్టేది ఇందుకే ఇంటిభాషను. ఆ రోజు పిల్ల నేర్చుకునేది అక్షరం కాదు, తన నోట్లో ఉన్న మాట ఈ గదిలో చెల్లుతుందా చెల్లదా అన్నది. చెల్లదని తెలిస్తే నోరు మూసుకుంటుంది. నోరు మూసుకున్న పిల్లలను మనం ‘బుద్ధిమంతులు’ అంటాం, మూడో తరగతికి వచ్చాక ‘చదవడం రాదు’ అంటాం. తండాల్లోనూ గూడేల్లోనూ మాత్రమే ఇలా జరుగుతుందని అనుకోకండి. తెలంగాణలో చాలా ఇళ్లలో అవ్వ అంటే అమ్మ, సీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. పాఠ్యపుస్తకం భాష ఈ ఇంటిమాటలకు దూరం. తెలుగు పిల్లకే తెలుగు పుస్తకం సగం పరాయిగా ఉంటే, సవర పిల్లకు, కోయ పిల్లకు, లంబాడీ పిల్లకు మొదటి రోజే రెండు పరాయి భాషలు ఎదురవుతున్నాయి. ఒకటి తెలుగు, రెండోది ఇంగ్లీషు. ఆ రెంటి మధ్య వాడి భాషకు చాప మీద ఓ జానెడు చోటు కూడా లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. ప్రాథమిక దశలో మైనారిటీ భాషల పిల్లలకు మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లోనే చేరింది. ఆచరణ సాధ్యమైనంత మేరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా బోధన మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషల్లో వాచకాలు వచ్చాయి. అంతకు ఎన్నో ఏళ్ల ముందే, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఒక తెలుగు పంతులు ఈ పని ఒంటిచేత్తో చేశాడు. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం. వాడుక భాష కోసం పోరాడిన వీరుడిగా పొగుడుతున్నాం. అదే మనిషి సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే వాళ్ల భాష నేర్చుకున్నాడన్న సంగతి ఆ సభల్లో ఎంతమంది చెప్తున్నారు?

టీచర్లందరూ గిడుగు కాలేరు, ఆ సంగతి నాకు తెలుసు. అందరూ సవర, కువి నేర్చుకోనక్కర్లేదు కూడా. ఇరవై మాటలు చాలు. అమ్మ, నీళ్లు, అన్నం, కడుపునొప్పి, ఒంటికి, రెండుకు, భయం, ఇల్లు, రా, కూర్చో, బాగుంది లాంటివి. ఈ మాటలు ఆ ఊరి భాషలో ఒక అట్ట మీద తెలుగు లిపిలో రాసి తలుపు పక్కన తగిలించడానికి ఒక పూట పడుతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో కొత్త టీచర్లకు నేర్పాల్సింది ఇదే. యాప్‌లో లాగిన్ కావడం తర్వాతైనా నేర్చుకుంటారు.

అయితే ఒక్క టీచరే ఉన్న బడిలో ఇవన్నీ ఎవరు చేస్తారు? కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలతో ఇచ్చే 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 12,912 ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి, దేశంలో ఇదే అత్యధికం. అక్కడ ఉన్న తరగతులన్నీ ఒక్కరే చూడాలి. ఒకటో తరగతి మీద జూన్ 12 హడావుడి పడకూడదని నేను అంత గట్టిగా అనడానికి ఇదీ ఒక కారణం. మిగతా తరగతులు రెండు రోజుల్లో కుదురుకుంటే, సోమవారం నుంచి ఆ ఒక్క టీచరుకు చిన్నపిల్లల వైపు తిరిగే వీలు దొరుకుతుంది. అయిదో తరగతి పిల్లలు తోడుంటే ఇంకా మేలు. నేను అదే చేశాను.

మరుసటి జూన్‌కు ఆ తండా అమ్మాయి అయిదో తరగతికి వచ్చింది. ఆమెను తలుపు దగ్గర కూర్చోబెట్టాను. తండా నుంచి కొత్తగా వచ్చిన చిన్నపిల్ల ఒకతి గేటు కమ్మీ పట్టుకుని ‘యాడీ’ అని ఏడుపు మొదలుపెట్టింది. ఈ అమ్మాయి పరుగెత్తుకెళ్లి, పక్కన గొంతుక్కూర్చుని, వాళ్ల మాటలో ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పిల్ల కమ్మీ వదిలి లోపలికొచ్చి, చెప్పులు విడిచి మామిడికాయ బొమ్మ దగ్గర పెట్టింది.