మా పిన్ని గొంతు మీ ఆస్తి ఎప్పుడైంది?

పొద్దున్న ఆరున్నరకి లేచి ఫోన్ తీస్తే మెయిల్. నిన్న రాత్రి పెట్టిన వీడియోకి శబ్దం కట్టేశారట. "మీ వీడియోలోని ఆడియో వేరొకరి సొంతం" అని, కింద ఏదో మ్యూజిక్ కంపెనీ పేరు, ఏదో ఆల్బం పేరు. ఆ వేరొకరు ఎవరో నాకు తెలీదు. ఆ గొంతు ఎవరిదో మాత్రం తెలుసు. మా పిన్నిది. ఇంకా కాఫీ కూడా తాగలేదు, ఒళ్ళు మండిపోతోంది, అందుకే ముందు ఇది రాస్తున్నా.

నా పేజీ చూసేవాళ్ళకి తెలిసిందే, ఫ్లైట్ సిమ్యులేటర్లో, అంటే కంప్యూటర్లో విమానం నడిపే ఆటలో, సెస్నా 172 అనే చిన్న విమానం వేసుకుని తిరుగుతుంటాను, తిరిగేటప్పుడు కర్ణాటక సంగీతం పెట్టుకుంటాను. కొత్తగా వచ్చినవాళ్ళు "ఈ రెండింటికీ ఏం సంబంధం అన్నా, మంచి బీజీఎం పెట్టొచ్చుగా" అంటారు. సంబంధం ఉంది. నిన్నటి వీడియోనే తీసుకోండి.

తిరుచిరాపల్లి ఎయిర్‌పోర్టులో లేచి ఉత్తరానికి తిరిగితే కొద్ది నిమిషాల్లో శ్రీరంగం. కావేరికీ దాని పాయ కొల్లిడానికీ మధ్య ఇసుక, పచ్చదనం, గోపురాలు. టేపులో పిన్ని అసావేరి రాగం ఆలాపన అయ్యేదాకా అక్కడే చుట్లు తిరుగుతాను. 'సారి వెడలిన' అని పల్లవి ఎత్తుకోగానే ముక్కు తూర్పుకి తిప్పి, రెండు వేల అడుగుల ఎత్తున, నది వెంటే, కల్లణై ఆనకట్ట మీదుగా తిరువయ్యారు దాకా వెళ్తాను. పావుగంట దారి. త్యాగయ్య ఆ కీర్తనలో చెప్పింది కావేరి నడకే కదా. ఒకచోట భీకరంగా గర్జిస్తుంది, ఒకచోట నిండు కరుణతో సాగుతుంది, కోకిలలు కూస్తుంటే రంగనాథుణ్ణి చూసుకుని పంచనదీశ్వరుణ్ణి చూడ్డానికి వెళ్తుంది. పంచనదం అంటే తిరువయ్యారే, ఆయన ఉన్న ఊరే. నేను మ్యాప్‌లో గీతలు గీసుకోనక్కర్లేదు, దారంతా ఆ చరణాల్లోనే ఉంది. రెండు ఒడ్లా జాజిపూలతో పూజలు చేస్తున్నారు అనే ఆఖరి చరణం తిరువయ్యారు మీదకి వచ్చేసరికి పడాలి. నిన్న సరిగ్గా అక్కడే పడింది. నాలుగేళ్ళుగా ప్రయత్నిస్తుంటే మొదటిసారి కుదిరింది. సరిగ్గా ఆ వీడియోనే నోరు నొక్కేశారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది తెలిసినవాళ్ళే ఒప్పుకుంటారు. సెస్నా ప్రొపెల్లర్‌కి రెండు రెక్కలు. ఇంజిన్ 2200 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 2200 చుట్ల దగ్గర, పెడితే ఆ రెక్కల చప్పుడు సెకనుకి 73 కంపనాలకి కాస్త పైన వస్తుంది. అంటే హార్మోనియం మీద రెండో తెల్ల మెట్టు, మా వాళ్ళ లెక్కలో రెండు శ్రుతి. మా పిన్నిది ఐదు శ్రుతి. ఐదుని 'స' అనుకుంటే రెండు దానికి పంచమం, అంటే 'ప'. హెడ్‌ఫోన్స్‌లో పిన్ని పాడుతుంటే ఇంజిన్ కింద తంబురాలా పంచమం పట్టుకుని ఉంటుంది. 2300కి పెంచారో, చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. ఇది నేను లెక్కేసి కనిపెట్టింది కాదు, ఒక రాత్రి ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ కొంచెం కొంచెం లాగుతుంటే ఒకచోట రెండూ కలిసిపోయాయి, ఒళ్ళు జలదరించింది, లెక్క తర్వాత వేశాను. అప్పట్నుంచీ పిన్ని పాట పెడితే 2200 దాటను.

నిన్న ఆ వీడియో కింద ఒకాయన, రూల్స్ బాగా చదివిన మనిషి, "నిజం పైలట్లు పాటలు వినరు, స్టెరైల్ కాక్‌పిట్ అంటారు, నేర్చుకోండి" అని రాశాడు. ఆ రూల్ నాకూ తెలుసండీ. 1974లో అమెరికాలో షార్లెట్ దగ్గర పొగమంచులో విమానం కూలింది. దిగే ముందు కాక్‌పిట్లో రాజకీయాల నుంచి పాత కార్ల దాకా కబుర్లు నడిచాయి. అలాంటి ప్రమాదాలు చూశాకే 1981లో, పదివేల అడుగుల లోపు పనికిరాని మాటలు కూడదని పెట్టారు. ప్రాణాలు పోయాక వచ్చిన రూల్, దానికి దండం పెడతాను. కానీ అది జనాన్ని ఎక్కించుకుని తిప్పే ఎయిర్‌లైన్స్ పైలట్లకి. నా గదిలో ప్యాసింజర్లు లేరు. పైగా నిజం విమానాల సంగతే మాట్లాడాలంటే, పాత వాటిలో ఏడీఎఫ్ అని ఒక రేడియో ఉండేది. మీడియం వేవ్ స్టేషన్ పెట్టినా దాని ముల్లు ఆ స్టేషన్ వైపే తిరిగేది, అందులో వచ్చే పాట హెడ్‌సెట్లో వినిపించేది. విజయవాడ స్టేషన్ నంబరు 837 పెడితే ముల్లు విజయవాడ చూపిస్తుంది, చెవిలో విజయవాడ రేడియో పాడుతుంది. పాట దారి చూపించిన రోజులున్నాయి ఈ విమానాలకి. ఆ ముక్క ఏ గ్రూపులోనూ ఎవరూ చెప్పరు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ రికార్డింగ్ 1991లో రాజమండ్రిలో పిన్ని వాళ్ళింట్లో, హాల్లో చాప మీద కూర్చుని, మా బాబాయి టేప్ రికార్డర్‌లో చేసింది. వయొలిన్ లేదు, మృదంగం లేదు, శ్రుతి పెట్టె ఒక్కటే. తొమ్మిదో నిమిషంలో వంటింట్లో కుక్కర్ కూత పెడుతుంది. వెంటనే అమ్మమ్మ గొంతు, "స్టవ్ కట్టెయ్యవే" అని మా అమ్మతో. పిన్ని పాట ఆపదు, ఆ కూత అయ్యేదాకా స్వరం మీద నిలబడి, అది తగ్గాక చరణంలోకి దిగుతుంది. ఇది ఏ కంపెనీ స్టూడియోలో రికార్డయింది? వాళ్ళ ఆల్బంలో మా అమ్మమ్మ ఉందా?

త్యాగయ్య పోయింది 1847లో. మన చట్టం ప్రకారం రాసినవాళ్ళు పోయాక అరవై ఏళ్ళకి ఆ రచన అందరిదీ అయిపోతుంది. కీర్తన ఎవరి సొత్తూ కాదు, పాడినది మా పిన్ని, టేపు మా బాబాయిది. ఇంక మిగిలిందేంటి వాళ్ళది? ఒకే గురుపరంపరలో నేర్చుకున్నవాళ్ళు ఒకే కీర్తనని అవే సంగతులతో, అంటే ఒకే లైనుని మళ్ళీ మళ్ళీ తిప్పి పాడే అవే తీరులతో, పాడతారు, అది దొంగతనం కాదు, అదే మన సంగీతం. గురువు దగ్గర కూర్చుని సంగతి తర్వాత సంగతి ఏళ్ళ తరబడి చెప్పించుకున్నదాన్ని ఒక మెషీన్ అర సెకనులో "కాపీ" అనేస్తుంది. నిన్నగాక మొన్న రిలీజైన సినిమాని అద్దంలో చూపించినట్టు తిప్పి పెట్టినవి నెలల తరబడి అలాగే ఉంటాయి, వాటిని పట్టుకునే మెషీన్ లేదు. పేరూ ఊరూ లేని ఒక గృహిణి పాడుకున్న పాట మాత్రం ఒక్క రాత్రిలో దొరికిపోయింది. అభ్యంతరం చెప్పుకోవచ్చు, కానీ ముప్పై రోజుల గడువు ఆ కంపెనీకి. చూసేదీ వాళ్ళే, అవునో కాదో తేల్చేదీ వాళ్ళే. ఫిర్యాదు ఎవరిదో తీర్పూ వాళ్ళదే అయితే ఇంక నేను ఎవరితో చెప్పుకోవాలి?

నాకింత కోపం ఎందుకంటే పిన్ని గొంతు నొక్కడం ఇది రెండోసారి.

1996లో మా ఊళ్ళో త్యాగరాజ ఆరాధన. కమిటీ వాళ్ళు పెద్దమనసు చేసుకుని పిన్నికి ఇరవై నిమిషాలు ఇచ్చారు, మధ్యాహ్నం రెండున్నరకి, భోజనాలయ్యాక. సగం మంది చేతులు కడుక్కుంటున్నారు, మిగతావాళ్ళు కునుకు తీస్తున్నారు. పిన్ని నెల రోజులు సాధన చేసింది ఆ ఇరవై నిమిషాల కోసం. ఇదే అసావేరి, ఇదే కీర్తన. ఆఖరి చరణం ఎత్తుకుంది, మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందనుకున్నాం. కాదు. ముఖ్య అతిథి గారు గంట ముందే వచ్చేశారు, శాలువాలు కప్పాలి. కార్యదర్శి పక్కకొచ్చి "చాలమ్మా" అన్నాడు. ఒక అమ్మని, నెల రోజులు తెల్లవారుజామున లేచి పాడుకున్న మనిషిని, "చాలమ్మా" అన్నాడు. పిన్ని త్యాగయ్య పటానికి దండం పెట్టి దిగిపోయింది. ఆటోలో వస్తూ బయటి వైపు తల తిప్పుకుని మిగిలిన చరణం మెల్లిగా పాడుకుంది. పక్కన నేనే ఉన్నాను. పూర్తయ్యాక "కావేరి ఒడ్డున పాడితే ఎవరూ ఆపరు కదరా చిన్నా" అంది. తీసుకెళ్తానన్నాను. ఈ ఏడాదీ వచ్చే ఏడాదీ అనుకుంటూ నా ఉద్యోగం, నా సెలవులు, నా గొడవల్లో పడి తీసుకెళ్ళలేదు. 2013లో పోయింది.

ఆ ఆఖరి చరణం తిరువయ్యారు మీద పడాలని నాలుగేళ్ళు ఎందుకు పట్టుకు వేళ్ళాడానో ఇప్పుడైనా అర్థమైందా? పాటలు విని టైంపాస్ చేస్తున్నానని రాసినవాళ్ళకి కూడా చెప్తున్నా.

ఇప్పుడే ఫారం నింపాను. "లైసెన్స్ ఉందా", "సొంత కంటెంటా" అని గడులున్నాయి. వివరాలు రాయమన్నచోట తొమ్మిదో నిమిషం కుక్కర్ కూత, అమ్మమ్మ మాట, చాప, బాబాయి టేప్ రికార్డర్, అన్నీ రాశాను. మీ ఆల్బంలో అమ్మమ్మ మాట వినిపించండి, నేనే వీడియో తీసేస్తానని రాశాను. అప్పటిదాకా తీసెయ్యను, శబ్దం లేకుండానే ఉంటుంది.

పాట కావాలన్నవాళ్ళు మెసేజ్ పెట్టండి. పద్దెనిమిది నిమిషాల ఫైల్, కుక్కర్ కూతతో సహా పంపిస్తాను.