మేనేజర్‌ను విశ్వాసం అడిగే ముందు

యూరప్‌లో ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ తన మేనేజర్‌ను, అంటే జట్టును నడిపే కోచ్‌ను, తీసేసిందన్న వార్త రావడమే ఆలస్యం, బాగా ఆడుతున్న చిన్న క్లబ్బుల అభిమానులకు కంటిమీద కునుకు ఉండదు. మనవాణ్ని పిలుస్తారా, పిలిస్తే వెళ్తాడా, వెళ్తే అది ద్రోహమా కాదా అని వారాల తరబడి వాదులాడుకుంటారు. ఈ వాదనలు గ్లాస్గో, మాంచెస్టర్‌లకే పరిమితం అనుకోవడానికి లేదు. మొన్న సెలవులకు నల్లగొండ వెళ్లినప్పుడు క్లాక్ టవర్ సెంటర్‌లో ఛాయ్ బండి దగ్గర మా మేనల్లుడూ అతని దోస్తులూ ఇదే విషయం మీద ఒకరినొకరు మాట్లాడనీయకుండా పోట్లాడుకుంటుంటే విన్నాను. వాళ్లలో ఒకడు లివర్‌పూల్ అభిమాని, ఇద్దరు మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు. మావాడేమో గచ్చిబౌలి స్టేడియంలో గొంతు పోయేదాకా అరిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని.

ఎంత పోట్లాడుకున్నా ఆ నలుగురూ ఒక మాట దగ్గర మాత్రం కలిశారు: మంచి మేనేజర్ అన్నవాడు ఎవరు పిలిచినా క్లబ్‌ను వదిలి పోకూడదు. నా అభ్యంతరం సరిగ్గా ఆ మాట మీదే. ఒకేచోట ఉండిపోవడాన్ని విశ్వాసానికి కొలతగా పెట్టుకుంటే కొలత దగ్గరే లెక్క తప్పుతుంది. పట్టిన పనిని మధ్యలో వదలవద్దనీ, వెళ్లదలచుకుంటే ముందుగా చెప్పి వెళ్లమనీ మేనేజర్‌ను అడిగే హక్కు అభిమానికి ఉంది. అంతకు మించి ఏమి అడగాలన్నా ముందు క్లబ్‌ను అడగాలి.

విశ్వాసం అనగానే యునైటెడ్ కుర్రాళ్లు అలెక్స్ ఫెర్గూసన్ పేరు ఎత్తారు. ఒకే క్లబ్‌లో 26 ఏళ్లకు పైగా ఉండి 13 లీగ్ టైటిళ్లు గెలిచినవాడి పేరు ఎత్తడంలో వింతేమీ లేదు. కానీ ఆయన 1986 నవంబరులో యునైటెడ్‌కు వచ్చింది ఇంట్లో ఖాళీగా కూర్చొని కాదు. 1983లో రియల్ మాడ్రిడ్‌ను ఓడించి యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ గెలిపించిన స్కాట్లండ్ క్లబ్ అబర్దీన్‌ను సీజన్ నడుస్తుండగా వదిలి వచ్చాడు. మనం నిలకడకు నిదర్శనంగా చూపే మనిషి అబర్దీన్ అభిమానికి నవంబరులో వెళ్లిపోయిన మనిషి. ఇంకో సంగతి కూడా మరచిపోకూడదు. యునైటెడ్‌లో ఆయనకు మొదటి ట్రోఫీ, 1990లో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ ఎఫ్ఏ కప్, దక్కేదాకా మూడు సీజన్లు ఉత్త చేతులతో గడిచాయి. ఆ గడ్డుకాలంలో ఆయనను తీసేయాలని అభిమానుల నుంచే గట్టిగా వినిపించినా క్లబ్ తీసేయలేదు. ఆ 26 ఏళ్ల బంధంలో ముందుగా ఓపిక చూపింది క్లబ్బే.

అలా చూపని క్లబ్ కథ నేను ఉద్యోగం చేసుకుంటూ బతుకుతున్న లెస్టర్‌లోనే జరిగింది. 2016లో, సీజన్ మొదట్లో గెలిచే అవకాశమే లేదని 5000కు 1 పందెం ఇచ్చిన జట్టును మేనేజర్ క్లాడియో రానియెరి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ విజేతగా నిలిపినప్పుడు ఈ ఊరు ఊరంతా రోడ్ల మీదే ఉంది. 2017 ఫిబ్రవరిలో, తొమ్మిది నెలలు తిరగగానే, అదే క్లబ్ ఆయనను పంపించేసింది. జట్టు దిగువ డివిజన్‌కు జారే ప్రమాదంలో ఉందన్నది వాళ్లు చూపిన కారణం. అది నిజమే, ఆయన పోయిన తర్వాత జట్టు కోలుకున్నదీ నిజమే. అయినా ఆ నిర్ణయాన్ని వ్యాపారం అనుకొని సరిపెట్టుకున్నవారు, అదే రానియెరి అంతకు ముందు ఏ పెద్ద క్లబ్బో పిలిచిందని వెళ్లి ఉంటే ఆయనను ఏమని ఉండేవారో ఊహించుకోవడం కష్టం కాదు. లండన్ క్లబ్ టాటెన్‌హామ్‌లో యాంజ్ పోస్టెకోగ్లు సంగతి ఇంకా ఘోరం. 2025 మే నెలలో యూరోపా లీగ్ గెలిపించాడు. జూన్ మొదటివారం దాటకముందే ఉద్యోగం పోయింది. లీగ్‌లో 17వ స్థానంలో నిలవడం చిన్న తప్పేమీ కాదని నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకున్నా, తొలగించే హక్కును క్లబ్ నిస్సంకోచంగా వాడుకునే చోట, వెళ్లే హక్కును వాడుకున్నవాణ్ని మాత్రమే బోనులో నిలబెట్టడం ఏకపక్ష న్యాయం.

ఇక ఎప్పుడు వెళ్లాడన్నది అసలైన ప్రశ్న. బ్రెండన్ రాడ్జర్స్ గ్లాస్గో క్లబ్ సెల్టిక్‌లో రెండు సీజన్లూ దేశీయ ట్రోఫీలు మూడింటికి మూడూ గెలిచి, మూడో సీజన్‌లోనూ అదే దారిలో ఉండగా 2019 ఫిబ్రవరిలో వదిలేసి లెస్టర్‌కు వచ్చాడు. ఆ వసంతం దాకా ఆగి ఉంటే సెల్టిక్ అభిమానులకు బాధే మిగిలేది, కోపం ఉండేది కాదని నా నమ్మకం. మా లెస్టర్ వాళ్లకైతే అందులో ద్రోహం ఏ కోశానా కనిపించలేదు. 2021లో ఆయన క్లబ్ చరిత్రలోనే మొదటి ఎఫ్ఏ కప్ గెలిపించినప్పుడు, ఆ మనిషి ఎక్కడి నుంచి ఎలా వచ్చాడని అడిగినవాడు లేడు, నాతో సహా. తమాషా ఏమిటంటే 2023లో ఆయనే మళ్లీ సెల్టిక్‌కు మేనేజర్‌గా వెళ్లాడు. ద్రోహి అన్న ముద్రకు కూడా కాలపరిమితి ఉంటుందన్నమాట.

సమయం ఎప్పుడూ మేనేజర్ చేతిలోనే ఉండదన్నది కూడా చెప్పుకోవాలి. 2024 శరదృతువులో రూబెన్ అమోరిమ్ స్పోర్టింగ్ లిస్బన్‌లో లీగ్ మ్యాచులన్నీ గెలుస్తూ ఉన్నాడు. మాంచెస్టర్ యునైటెడ్ పిలుపు వచ్చినప్పుడు, సీజన్ చివరలో వస్తానని తాను అడిగాననీ, ఇప్పుడు కాకపోతే ఇక లేదన్నారనీ ఆయనే విలేకరులకు చెప్పాడు. అభిమానుల తిట్లన్నీ వెళ్లినవాడికే పడ్డాయి. మధ్యలో లేపుకొని పోయిన క్లబ్‌ను అడిగినవాళ్లు తక్కువ. నల్లగొండలో ఆ యునైటెడ్ అభిమానులిద్దరినీ ఇదే అడిగితే, ‘మాకు అవసరమొచ్చింది, తెచ్చుకున్నం’ అన్నారు. అవసరం తమదైతే ధర్మం పక్కవాడిది!

దీనికి భిన్నంగా క్సాబీ అలొన్సో 2024 వసంతంలో లివర్‌పూల్, బాయర్న్ క్లబ్బులు రెండూ తనవైపు చూస్తున్నప్పుడు జర్మన్ క్లబ్ లెవర్కూసన్‌లోనే ఉంటానని చెప్పాడు. ఆ సీజన్‌లో 34 లీగ్ మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా క్లబ్‌కు తొలి బుండెస్‌లీగా (జర్మన్ లీగ్) టైటిల్ తెచ్చాడు, మరో ఏడాది పనిచేశాడు, 2025లో సీజన్ ముగియకముందే వెళ్తున్నట్టు ప్రకటించి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. ఒప్పందంలో ఇంకా ఏడాది మిగిలే ఉంది. అయినా దాన్ని ద్రోహం అనడానికి నాకైతే నోరు రాదు. ముందుగా చెబితే జట్టు చెదురుతుందని లివర్‌పూల్ కుర్రాడు అడ్డుతగిలాడు. అప్పటి లివర్‌పూల్ మేనేజర్ యూర్గెన్ క్లాప్ 2024 జనవరిలోనే వెళ్తానని చెప్పడం వల్ల ఆ ఏడాది లీగ్ చేజారిందని అతని లెక్క. ఆ మాటలో కొంత పస ఉంది. కాకపోతే క్లాప్ ముందే చెప్పబట్టే వారసుణ్ని తీరిగ్గా వెతుక్కునే వ్యవధి క్లబ్‌కు దొరికింది, తర్వాతి సీజన్‌లోనే లీగ్ గెలిచింది. బ్రైటన్ క్లబ్ అయితే చెప్పినా చెప్పకపోయినా సిద్ధంగా ఉంటుంది. 2022 సెప్టెంబరులో గ్రాహమ్ పాటర్‌ను, ఆయన సిబ్బందితో సహా చెల్సీ ఎత్తుకుపోతే, పరిహారం పుచ్చుకొని కొత్త మేనేజర్‌ను తెచ్చి, ఆ సీజన్‌లోనే ఆరో స్థానంలో నిలిచి చరిత్రలో తొలిసారి యూరప్ పోటీలకు అర్హత సాధించింది. పాటర్ మాత్రం ఏడు నెలలు నిండకుండానే చెల్సీలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

ఇక మనవాళ్ల కథకు వస్తాను. నాకు ఎక్కువ తెలిసిందీ, ఎక్కువ బాధ కలిగించిందీ ఇదే. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు మొదటి సీజన్‌లో పట్టిక అడుగున నిలిచింది. తర్వాతి సీజన్‌కని తెచ్చుకున్న ఆల్బర్ట్ రోకా, ఆ సీజన్ మొదలుకాకముందే బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు. ‘బార్సిలోనా పిలిస్తే ఎవడు ఆగుతడు మామా’ అని మా మేనల్లుడు అప్పుడే క్షమించేశాడు. ఆయన స్థానంలో వచ్చిన మనోలో మార్కెజ్ జట్టు రూపురేఖలు మార్చి, 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌పై టైబ్రేకర్‌లో గెలిపించాడు. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల లీగ్ మ్యాచులన్నీ గోవాలోనే జరిగాయి కాబట్టి సొంత ఊళ్లో జట్టును మళ్లీ చూసే భాగ్యం అభిమానులకు మరుసటి సీజన్‌లోనే దక్కింది.

ఆ సీజన్‌లో ఈ పిల్లలు మ్యాచ్‌కు ఎలా వెళ్లేవారో చెబితే వాళ్ల కోపం అర్థమవుతుంది. మధ్యాహ్నం ఆర్టీసీ బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట, అక్కడ రైలు మారి రాయదుర్గం, అక్కడి నుంచి ఆటోను నలుగురూ పంచుకొని గచ్చిబౌలి చేరేవారు. మ్యాచ్ ముగిశాక చివరి మెట్రో దొరికితే దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఎవరో సీనియర్ గదిలో నేల మీద పడుకొని, పొద్దున్నే మొదటి బస్సుకు నల్లగొండ వచ్చి కాలేజీకి పోయేవారు. పసుపు జెర్సీ మడత నలగకుండా బ్యాగులో పుస్తకాల మధ్య పెట్టుకొని వెళ్లేవాడు మావాడు. అలాంటివాడికి, సీజన్ చివరలో మార్కెజ్ వెళ్తున్నాడనీ, వెళ్లేది ఎఫ్‌సీ గోవాకనీ తెలిసినప్పుడు గుండె మండింది. మూడు సీజన్లు పూర్తిగా పనిచేశాడు, జట్టును సెమీఫైనల్ దాకా తెచ్చాడు, ఆ తర్వాతే వెళ్లాడు. ఇవన్నీ చెప్పినా అప్పట్లో వాడు వినలేదు.

తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. మరుసటి సీజన్‌లో జీతాలు అందక ఆటగాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు, మిగిలిన కుర్రాళ్లతో జట్టు పట్టిక అడుగుకు జారింది. 2025లో క్లబ్బే మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. మేనేజర్ ఊరు వదిలాడని ఏడ్చిన పిల్లలకు చివరికి ఊరిని వదిలింది క్లబ్బని తెలిసింది. మనం అప్పట్లో పట్టించుకోని ముచ్చట ఇంకొకటుంది. 2019లో ఆ క్లబ్ మనకు దక్కింది కూడా పుణెలో ఒక క్లబ్ మూతపడితే ఖాళీ అయిన స్థానంలోనే. పుణె అభిమానుల నోట్లో మట్టి పడ్డప్పుడు మనం పసుపు జెర్సీలు కొనుక్కున్నాం.

పాలమూరు పల్లెల నుంచి పనులకు వలస వెళ్లే గుంపుల వ్యవహారం తెలిసినవాళ్లకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. మక్తల్, కోస్గి వైపు పల్లెల్లో గుంపు మేస్త్రీ ఒక ఏడాది ఒక కాంట్రాక్టర్ దగ్గర, మరుసటి ఏడాది ఇంకో కాంట్రాక్టర్ దగ్గర పని పట్టడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అడ్వాన్సు పుచ్చుకొని పని మధ్యలో మాయమైనా, కూలీల లెక్క తేల్చకుండా పోయినా ఆ మేస్త్రీ మొహం మళ్లీ చూడరు. కాంట్రాక్టర్ డబ్బు ఎగ్గొడితే మేస్త్రీని కాదు, కాంట్రాక్టర్‌నే తిడతారు. ఆ పల్లెల్లో ఏ కూలీని అడిగినా చెప్పే న్యాయం ఇది. ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి మనకెందుకు తోచదో తెలియదు.

విశ్వాసంగా ఉండిపోయినవాళ్లు లేరా అంటే, మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో క్యాన్సర్‌తో మరణించేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. అదే కాలంలో ఆయన భారత జట్టుకూ కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణాలు ఆయన చలవే. కానీ ఆయన శిష్యుల్లో తులసీదాస్ బలరామ్ వంటివారు కలకత్తా క్లబ్బులకు వెళ్లారు, వాళ్లను ఎవరూ ద్రోహులనలేదు. పోలీస్ జట్టు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి నిలబెట్టుకున్న జట్టు. ఒక సీజన్ ఓడితే ఊరు మార్చేసే జట్టు కాదు. అటువైపు అంత స్థిరత్వం ఉన్నచోట ఇటువైపు ఉండిపోవడం సహజం. ఈనాటి క్లబ్బుల యజమానుల దగ్గర నిలబడి రహీం సాబ్ పేరు చెప్పి మేనేజర్లను సిగ్గుపడమనడం నాకు నచ్చదు.

ఆటగాళ్లను ఏడాదిలో రెండు విడతల్లోనే మార్చుకోవాలన్న నియమం ఉన్నప్పుడు, ఒప్పందంలో ఉన్న మేనేజర్‌ను వేరే క్లబ్ తీసుకుపోవడానికీ అలాంటి గడువే, సీజన్ ముగిశాకే అని, పెట్టాలని నా ప్రతిపాదన. అది ఉండి ఉంటే అమోరిమ్ మే నెల దాకా లిస్బన్‌లో ఉండేవాడు, రాడ్జర్స్ మూడో సీజన్ ముగించి మరీ మా లెస్టర్‌కు వచ్చేవాడు. ఫోన్‌లో ఈ మాట చెబితే మా మేనల్లుడు కాసేపు ఆలోచించి, ‘మరి క్లబ్బులు మేనేజర్‌ను తీసేయడానికి గూడ గదే గడువు పెట్టాలె గద మామా, లేకుంటే కట్టేసేది మళ్లీ ఒక్కన్నే’ అన్నాడు. ఆ సవరణను చేర్చుకున్నాను. సీజన్ మధ్యలో తీసేసిన క్లబ్, ఆ సీజన్ ముగిసేదాకా ఇంకొకరి మేనేజర్‌ను ముట్టుకోకుండా తన సిబ్బందితోనే నెట్టుకురావాలి. ముందుగా దీన్ని వ్యతిరేకించేది మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాళ్లిద్దరేనని మావాడు అప్పుడే చెప్పేశాడు.