మహారాజశ్రీ హార్మోన్ బ్యాలెన్స్ పొడి గారి సముఖానికి

తిరుపతి కొర్లగుంట నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమమో కాదో మీరే చెప్పాల, ఎందుకంటే మీరు మా ఇంట్లో కాలు పెట్టినప్పట్నుంచి ఎవురి ఒంట్లో ఏముందో చెప్పే అధికారం డాక్టర్ల దగ్గర్నుంచి వీధి చివరింటి వదిన చేతికి పోయింది, ఆమే కదా మీ ఏజెంటు.

1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లీషాయన హార్మోన్ అని పేరు పెట్టినాక ఇప్పటికి 50కి పైగా హార్మోన్లు తేలినాయంట, ఒక్కోదానికి ఒక్కో పని, ఒక్కో టైము, ఒక్కో టెస్టు. పాపం వాళ్ళంతా అనవసరంగా కష్టపడినారు. మీరేమో స్పూను పొడి, గ్లాసుడు వేడి పాలు, అయిపాయ. ఆడోళ్ళ డబ్బాకి పింక్ స్టిక్కరు, మగోళ్ళ డబ్బాకి బ్లూ స్టిక్కరు, రేటు మాత్రం రెండిటికీ 1,499. థైరాయిడ్ ఎక్కువున్నా మీరే, తక్కువున్నా మీరే. లోపలికి పోయినాక ఎవురికి పెంచాలో ఎవురికి తగ్గించాలో ఎట్లా కనుక్కుంటారు సామీ, ఆధార్ కార్డు చూస్తారా?

మా అత్త సంగతి చెప్తా వినండి. రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చింది, మీ వదిన చూసి "నీకు థైరాయిడ్ జాస్తి అయిపోయిందక్కా, ఈ పొడి తగ్గించేస్తాది" అనింది. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్ చేసే హార్మోనే కాదు, మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిది. థైరాయిడ్ పని మానేసి పడుకుంటే పిట్యూటరీ "లెయ్ రా" అని అరుస్తాది, ఆ అరుపే టీఎస్‌హెచ్. అంటే నెంబరు ఎక్కువుందంటే మామూలుగా అసలు హార్మోను తక్కువుందని. మీరు తగ్గిస్తానంటాండేది దేన్ని, అరుపునా, నిద్రనా? పైగా అత్త పొద్దున్నే పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర మింగినాక కాఫీకైనా అరగంట, గంట ఆగాల, కాల్షియం ఐరన్ మాత్రలైతే నాలుగు గంటలు. ఆ టైములోనే పాలల్లో కలుపుకుని మీరు దిగినారు, మాత్ర సరిగ్గా ఒంటబట్టలా, నెంబరు ఇంకా పెరిగింది. "డీటాక్స్ అవతాంది, మంచిదే" అని వదిన తీర్పు.

ఆ తర్వాత ఉన్నట్టుండి నెంబరు దిగింది! వీధంతా మీ మహిమే అనింది. ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల జబ్బులు చూసే ఓపీలో డాక్టరమ్మ డబ్బా తిప్పి చూసి, జుట్టు కోసం అని ఇందులో బయోటిన్ అనే విటమిన్ గట్టిగా కొట్టినారు, అది ఎక్కువుంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాది, రెండ్రోజులు ఆపి మళ్ళీ చేయించండి అనింది. చేయిస్తే నెంబరు యథాస్థానం. రోగాన్ని వదిలేసి రిపోర్టుకి వైద్యం చేసినారు చూడండి, ఆ తెలివికి మాత్రం దండం పెట్టాల.

ఇంక మా మామ. బస్టాండు దగ్గర లాడ్జిలో నైట్ డ్యూటీ, యాత్రికులు తెల్లార్లూ వస్తానే ఉంటారు, తిండికి టైముండదు, పొట్ట బెల్టు దాటి ముందుకొచ్చింది, పడుకుంటే గురక పక్కింటోళ్ళకి అలారం. నీరసం అంటే బ్లూ డబ్బా. అయ్యా, పొట్ట కొవ్వు టెస్టోస్టిరాన్‌ని పట్టుకుని ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తాదంట, నిద్ర చాలకపోతే టెస్టోస్టిరాన్ ఇంకా పడిపోతాదంట. మగోడి ఒంట్లో ఆడ హార్మోనా అని మామ నాల్రోజులు అలిగినాడు. టెస్టు కూడా పొద్దున పరగడుపునే చేయాల, తక్కువొస్తే ఇంకోసారి చేసి చూసుకోవాల. మీరు చేసే టెస్టేమో వాట్సాప్‌లో నాలుక ఫోటో. జిమ్ము పిల్లకాయలు ఇంకో మెట్టు ఎక్కినారు, కండల కోసం టెస్టోస్టిరాన్ సూది పొడిపించుకుంటాండారు, బయట్నుంచి వస్తాంది కదా అని లోపల వీర్యకణాల తయారీ మూలపడతాదని వాళ్ళకి చెప్పేవోళ్ళు లేరు. రేపు పిల్లలు పుట్టకపోతే ముందు టెస్టుకి తోలేది పెళ్ళాన్నే కదా, మనూరి ఆచారం.

ఆడపిల్లకి నెల సరిగ్గా రాకుంటే మీకన్నా ముందు నుంచే ఈ ఊళ్ళో ఒక హోలిస్టిక్ మందుంది, దాని పేరు "పెళ్ళి చేస్తే సర్దుకుంటాది". పీసీఓడీ అని, అంటే హార్మోన్ల తేడాతో నెల తప్పే బాధ అని తేలిన మా మేనకోడలికి అది రాసినోళ్ళు వీధిలో ఎంతమందో. బరువున్నోళ్ళు ఆ బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెల దారిలో పడతాదని, సన్నగా ఉన్నోళ్ళకీ ఈ బాధ వస్తాదని, షుగర్ చూపించుకోవాలని ఒక్కరూ అనలా.

హోలిస్టిక్ అంటే మనిషిని మొత్తంగా చూడ్డం అని మీ డబ్బా మీదే రాసుండారు. సంతోషం. మీ ఫారంలో అడిగింది మూడే, పేరు, ఫోన్ నెంబరు, పేమెంట్ స్క్రీన్‌షాట్. ఆ డాక్టరమ్మ ఎన్నింటికి పడుకుంటారు, గురకుందా, ఇంకేం మాత్రలు వాడతారు, ఇంట్లో ఎవురికి షుగరుంది అని అన్నీ అడిగింది. మనూళ్ళో ఆయుర్వేద కాలేజీలో కూడా నాడి పట్టుకుని తిండి, నిద్ర అన్నీ అడుగుతారు, మందు పేరు చీటీ మీద రాస్తారు. మీరేమో 21 మూలికలంటారు, పేర్లడిగితే సీక్రెట్ అంటారు. పేరు చెప్పని పొడుల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ కలిపి దొరికిన కేసులుండాయి. అది తింటే మొదట హుషారు, ఆకలి, తర్వాత మొహం గుండ్రంగా ఉబ్బి, ఒళ్ళు సొంతంగా చేసుకునే కార్టిసాల్ అనే హార్మోను మూతబడి, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తాది. మీలో లేదంటారా, అయితే ల్యాబ్ కాగితం ఒకటి పంపండి, ఫ్రేము కట్టిస్తాం.

ఇట్లు,
పాలు వృథా చేసుకున్న ఒక కొర్లగుంట కుటుంబం

తా.క.: మొన్న వానకి రెండు డబ్బాల స్టిక్కర్లూ తడిసి ఊడిపోయినాయి. ఏది ఆడోళ్ళదో ఏది మగోళ్ళదో పొడి చూసి ఎట్లా కనుక్కోవాలో మీ కస్టమర్ కేర్ వాళ్ళు చెప్తే పుణ్యముంటాది.