మా పెద్దబాపు మీద తిరుగుతున్న మెసేజ్‌కు నా జవాబు

నిన్న ఒక్కరోజే ఏడుగురు పంపారు. "దేవరకొండ దిక్కు ముసలాయన మాయం, అసలు నిజం ఇదే, అందరికీ పంపండి" అని మొదలయ్యే మెసేజ్. ఆ ముసలాయన మా పెద్దబాపు. డెబ్బై రెండేళ్లు. ఐదు నెలల కింద తెల్లారగట్ల ఇంట్లోంచి వెళ్లిన మనిషి ఇంకా దొరకలేదు. పంపినవాళ్లలో మా సొంత బావ కూడా ఉన్నాడు.

మొదటి మాట, కిడ్నీల ముఠా ఎత్తుకుపోయిందట. నల్లగొండలో కిడ్నీల దందా లేదని నేననను. 2016 జనవరిలో మన జిల్లా పోలీసులే ఒకటి బయటపెట్టారు. కానీ అందులో డబ్బు అవసరమున్నవాళ్లను ఒప్పించి కొలంబో తీసుకుపోయారు, దారిన పోయేవాళ్లను ఎత్తుకుపోలేదు. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న ముసలాయన కిడ్నీ ఎవరికి పనికొస్తుంది? ఇట్లా ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో మోగిన రోజుల్లోనే, 2018 మేలో, బీబీనగర్ మండలంలో ఒక మనిషిని కొట్టి చంపారు. మతి తప్పి తన పేరు కూడా చెప్పలేని మా పెద్దబాపు ఇప్పుడు ఏ ఊరి పొలిమేరలోనో నిలబడితే, ఈ మెసేజ్ చదివినవాళ్లు ఆయన్నే ముఠా మనిషి అనుకోరని ఎవరు హామీ ఇస్తారు?

బస్సులో ఫ్రీగా పోయాడు, టికెట్ లేదు కాబట్టి జాడ లేదట. ఆ ఉచితం ఆడవాళ్లకు.

నడుముకు తాళంచెవి కట్టుకుని పోయాడు కాబట్టి గుప్తనిధులట. ఆ చెవి కొట్టానిది. మొలతాడుకు కట్టిన ఇత్తడిది, ఒక పన్ను విరిగింది. బర్రెలు అమ్మి నాలుగేండ్లయింది. అయినా పొద్దుగూకితే కొట్టం దాకా పోయి, తాళం లాగి చూసి, "అన్నీ వచ్చినయా" అని పెద్దమ్మను అడిగేవాడు. ఆమె "వచ్చినయ్" అనేది. ఇదీ మీరు కనిపెట్టిన నిధి.

ఇక అసలు విషం. రైతుబీమా ఐదు లక్షల కోసం, మూడెకరాల కోసం కొడుకులే చంపి పాతిపెట్టారట. రైతుబీమా పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ల లోపు వాళ్లకు. ఊళ్లో ఏ రైతును అడిగినా చెబుతాడు. రాసినాయన అడగలేదు, ఎందుకంటే అడిగితే కథ నిలబడదు. భూమి సంగతికొస్తే, పాస్‌బుక్ ఆయన పేరు మీదే ఉంది. విరాసత్, అంటే భూమి వారసుల పేరు మీదికి మారాలంటే మరణ ధ్రువీకరణ పత్రం పెట్టాలి. మనిషి కనబడకపోతే ఆ పత్రం రాదు. ఏడేళ్లు జాడ తెలియకపోతే తప్ప చట్టం ఆయన చనిపోయాడని అనుకోదు. ఆస్తి కోసం చంపే కొడుకులు శవాన్ని దాచరు, పదిమందికి చూపిస్తారు. దాచిపెడితే ఏడేళ్లు వాళ్ల చేతులే కట్టేసుకున్నట్టు. ఆఖరికి నెలకు 2016 రూపాయల పింఛను కూడా వేలిముద్ర లేక ఆగిపోయింది. మా అన్న నల్లగొండ, కల్వకుర్తి, అచ్చంపేట, మహబూబ్‌నగర్ బస్టాండ్ల గోడలకు తండ్రి ఫొటో తన చేత్తో అంటించాడు. ఈ మెసేజ్ వచ్చిన నాటి నుంచి హోటల్‌కు చాయ్ తాగడానికి కూడా పోవడం లేదు. ఫార్వర్డ్ నొక్కే ముందు ఆ మనిషి ముఖం ఒక్కసారైనా గుర్తుకు రాలేదా?

కాలువలో పడ్డాడేమో అన్న మాట మాత్రం కొట్టిపారేయను. మేమూ ముందు దానికే భయపడ్డాం. కానీ ఆ వారం ఏఎంఆర్‌పీ సాగునీటి కాలువకు నీళ్లు వదల్లేదు. తమ్ముడూ నేనూ గట్టు వెంట నడుచుకుంటూ వెతికాం. అక్కడక్కడా మోకాలు లోతు మడుగులే. నాకు తోచేది వేరు. మతి తప్పిన మనిషి పాత దారే పట్టుకుంటాడు. పడుచుతనంలో ఎడ్ల కోసం డిండి దాకా నడిచిపోయేవాడు. డిండిలో శ్రీశైలం రోడ్డు ఎక్కితే ఏ లారీవాడో ఎక్కించుకుని ఉంటాడు. ఏ ఆశ్రమంలోనో, ఏ గుడి మెట్ల మీదో ఉన్నాడని నా నమ్మకం.

ఇరవై నాలుగు గంటలు దాటితేనే పోలీసులు కేసు తీసుకుంటారని కూడా రాశారు. అట్లాంటి రూలు లేదు. మనిషి కనబడని గంటలోనే దగ్గరున్న స్టేషన్‌కు పోవచ్చు, 100కో 112కో ఫోన్ చేయొచ్చు. పిల్లలు తప్పిపోతే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.

ఆ మెసేజ్ చివర ఇంకో మాట ఉంది: "ఇంటోళ్లు రెండో రోజు దాకా స్టేషన్ గడప తొక్కలేదు." అది నిజం. ఆ ఇరవై నాలుగు గంటల మాట మేమూ నమ్మాం. చుట్టాల ఇళ్లకు ఫోన్లు చేసుకుంటూ కూర్చున్నాం. స్టేషన్‌కు పోయాక కూడా కెమెరాల సంగతి మాకు తట్టలేదు. చౌరస్తాలోని కిరాణా కొట్టుకు ఎనిమిదో రోజు పోతే, రికార్డు వారం రోజులే ఉంటుందన్నాడు. పెద్దబాపు ఆ పొద్దున కుడికి తిరిగాడో ఎడమకు తిరిగాడో, దాని మీద అప్పటికే కొత్తది ఎక్కింది.