ఎర్రగా ఉన్నదల్లా ఒకటే తూనీగ కాదు

పైనుంచి తీసిన ఒక్క ఫొటో చూసి తూనీగ పేరు తేల్చేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది, కోపమూ వస్తుంది. మొన్న నేను పెట్టిన ఎర్ర తూనీగ ఫొటోకి ఒకాయన అర నిమిషంలో క్రోకోథెమిస్ సర్విలియా అని ఓ జాతి పేరు రాసేశారు. వెనకాలే మరో నలుగురు అవునన్నారు. కాదండీ!

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున, మురుగు వచ్చి కలిసే చోట ఓ గంట కూచోండి. అక్కడ గడ్డిపరకల మీద, నీటికి జానెడెత్తులో వాలేది బ్రాకీథెమిస్ కంటామినేటా అనే మరో ఎర్ర తూనీగ. మగదాని ఎరుపు ఒంటితో ఆగదు. రెక్కల్లోకి పాకి, సగానికి పైగా నారింజ రంగు పులిమినట్టుంటుంది. సర్విలియా మగదైతే మొహం, కళ్లు, తోక అన్నీ పండుమిరపకాయే, రెక్కలు మాత్రం తేట. రెక్క ఒంటికి అతికే చోట చిన్న పసుపు మరక, అంతే. ఆ రెక్క మొదలు కనబడని ఫొటోతో పేరెలా చెబుతారు? కంటామినేటా మురుగుని తట్టుకుని బతికే జీవి. దానికి వేరే పేరు తగిలిస్తే ఆ నీళ్ల సంగతి కూడా తప్పుగా రాసినట్టే కదా.

ఆడవాటి దగ్గర ఇంకా కష్టం. సర్విలియా ఆడది పసుపు, వీపు మీద నల్ల గీత. కొత్తగా రెక్కలొచ్చిన మగదీ పసుపే. చిన్నగా, నేల మీద వాలే డిప్లకోడెస్ ట్రివియాలిస్ మగది లేతగా ఉన్నప్పుడు పసుపుపచ్చ, ముదిరితే ఒళ్లంతా నీలి బూడిద పూసుకుంటుంది. రెండేళ్లు నేను వాటిని రెండు జాతులనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఆ పేజీలన్నీ కొట్టేసి మళ్లీ రాయాల్సొచ్చింది.

రంగు ఒక్కటే చూడకండి, వాలే తీరు చూడండి. వాన ముందు గుంపులుగా తిరిగే పాంటాలా ఫ్లావెసెన్స్ పుల్ల పట్టుకుని తోక కిందికి వేలాడేస్తుంది. (సముద్రం దాటి ఆఫ్రికా దాకా పోయేది అదే!) ఆర్థెట్రం సబీనా పక్క తూనీగనే పట్టి తింటుంది. నోట్లో ఏముందో చూస్తే సగం పని అయినట్టే. ఇవన్నీ ఫోన్ తెర మీద దొరకవు, చెరువు గట్టు మీదే దొరుకుతాయి.

నిన్న గెడ్డ దగ్గర తీసిన ఆడ తూనీగ ఫొటోలు నాలుగు కింద పెడుతున్నాను. పక్కనుంచి రెండు, రెక్క మొదలు కనబడేలా ఒకటి, తోక చివర దగ్గరగా ఒకటి. పేరు నేనింకా రాయలేదు. నాలుగూ చూసి, ఎందుకంటున్నారో కూడా చెప్పండి.